అమాసనాడు పేటక్క వేసిన ఆట

ఇది ఇన్నేళ్లూ రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాదు. నలభై దాటాక మా బస్తీలో వయోజన విద్య పెట్టినప్పుడు పలక పట్టాను. అక్షరాలు కుదురుకున్నాక కూడా రాయలేదు. రెండో కారణం పేటక్క.

"నువ్వు కాయితాల మీద రాస్తున్నవంట గదా," అని ఒకరోజు అడిగింది. "నా గురించి మాత్రం రాయకు. నేను బతికుండంగ రాస్తే నన్ను మంచిదాన్ని చేస్తవ్. నాకు గా పేరొద్దు."

"మంచిపేరు ఎవలన్న వద్దంటరా అక్కా?"

"మంచిదనంగనే ఎవడో ఒకడొచ్చి నెత్తి మీద కూసుంటడు. నాకు నెత్తి నొస్తది."

పోయిన నెల కోదాడలో, కూతురి ఇంట్లో, ఆమె చనిపోయింది. కబురంది నేను మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వెళ్లేసరికి వాకిట్లో జనం కూర్చుని ఉన్నారు. ఇరుగుపొరుగు వాళ్లందరిదీ ఒకటే మాట. "దేవతండీ. ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు. అందర్నీ క్షమించేసేది." నాకు ఒళ్లు మండింది. వేరే ఎవరి చావుకో వచ్చానేమో అనుకుని ముఖం మీది బట్ట తీసి చూశాను. పేటక్కే. పెదవులు బిగించే ఉన్నాయి, ఎవరితోనో ఇంకా మాట తేల్చుకోవలసి ఉన్నట్టు.

ఆమె ఎవరినీ క్షమించలేదు. క్షమించిందనడం ఆమె మీద నింద. ఆ నింద చెరపడానికి రాస్తున్నాను.

పుట్టింది సూర్యాపేటలో. మిర్యాలగూడ మిల్లులో పనికి చేరినప్పుడు పేట నుంచి వచ్చిందని పేటక్క అన్నారు, అదే ఉండిపోయింది. అసలు పేరు నాకు తెలుసు. రాయను. ఆమె వద్దన్న దాంట్లో ఆ ఒక్కటైనా పాటిస్తాను.

మాది ఉప్పుడు బియ్యం మిల్లు. ఉడికిన వడ్లు గచ్చు మీద ఆరబోసి, కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగెయ్యడం ఆడవాళ్ల పని. మధ్యాహ్నానికి గచ్చు పెనంలా కాలేది. మేమంతా గెంతుతూ నడిచేవాళ్లం. పేటక్క మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, పొలం చూసుకోవడానికి వచ్చిన పటేలులా నింపాదిగా నడిచేది. నవ్వొస్తే నోటికి అరచెయ్యి కాదు, పిడికిలి అడ్డం పెట్టుకునేది. చూసేవాళ్లకు నవ్వుతున్నదో, ఎవరినైనా గుద్దబోతున్నదో తెలిసేది కాదు.

ఆమెకొక అలవాటుంది. తనకు అన్యాయం చేసినవాళ్లతో మాటలు మానెయ్యదు. వాళ్లింటికి వెళ్తుంది. ముంగిట్లో కూర్చుంటుంది. వాళ్లు మంచినీళ్లిస్తే వద్దంటుంది. అంతే, లేచి వచ్చేస్తుంది. ఆమె తల్లి జబ్బుపడితే పేటలో ఉన్న తమ్ముడు కబురు పెట్టలేదు, తల్లి చనిపోయి మట్టి చేశాక చెప్పాడు. అప్పటి నుంచి ప్రతి దసరాకీ, ప్రతి ఉగాదికీ ఆమె పేటకు పోయేది. ఒకసారి నన్నూ తీసుకుపోయింది. మరదలు చెంబుతో నీళ్లు తెచ్చి నిలబడింది.

"తాగు వదినె. ఎండల పడొచ్చినవ్."

"దూప లేదు."

"గొంతు తడుపుకో అక్కా, జర," అన్నాడు తమ్ముడు, తల వంచుకుని.

"దూప లేదంటి గద. పిల్లలు మంచిగున్నరా? పోయొస్త."

బస్టాండుకు వచ్చి ఒకదాని వెంట ఒకటి గోలీసోడాలు తాగింది. గుక్క తిప్పుకోలేదు. నాకు నవ్వాగలేదు.

"నీళ్లు వద్దనడానికి గింత దూరం బస్సెక్కి వచ్చినమా అక్కా?"

"మరి? నాకింక యాదికున్నదని ఆడికి తెల్వొద్దా?"

ఇక సినిమా సంగతి. ఆ రోజుల్లో మా మిల్లు ఆడవాళ్లందరికీ ఒక హీరోయిన్ అంటే ప్రాణం. ఆమె పేరు కూడా నాకెందుకు, చూసినవాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది. ఎవరినైనా కొట్టే ముందు ఆమె కొంగు తీసి నడుం చుట్టూ చుట్టి చెక్కేది, ఎడమ కనుబొమ్మ లేపేది. కొంగు నడుముకు చేరిందంటే చాలు, హాల్లో ఆడవాళ్ల బెంచీలు లేచి నిలబడేవి. పేటక్క ఆమెను "మా పిల్ల" అనేది. ఇంటర్వెల్ దాకా గోడకు ఆనుకుని కునికేది. "ఏడ్సుడంత అయిపోయినంక లేపున్రి," అని ముందే చెప్పేది. ఇంటర్వెల్ తర్వాత మాత్రం కన్ను ఆర్పేది కాదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి, అది లేకపోతే ఆమె సంగతి లేదు.

సాయంత్రం పని దిగేటప్పుడు మిల్లు గేటు దగ్గర మమ్మల్ని సోదా చేసేవాళ్లు. మిగతా మిల్లుల్లో కొంగు దులిపి చూపిస్తే పంపేసేవాళ్లు. మా మేస్త్రి మాత్రం నడుం దగ్గర రొంటిలో చెయ్యి పెట్టి చూసేవాడు. చూస్తూ ప్రతి ఒక్కరినీ ఒకే మాట అనేవాడు. "ఇయ్యాల బరువెక్కినవేందే?" రోజూ అదే. ముసలివాళ్లనూ అదే. ఒకనాడు గోదాములో నా చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని వచ్చేశాను. కొన్నాళ్లకు గేటు దగ్గర నా రొంటిలో చెయ్యి పెట్టి, గుప్పెడు బియ్యం బయటికి తీసి, "దొంగ దొరికింది" అని అరిచాడు. ఆ బియ్యం నావి కావు. అతని పిడికిట్లోంచే వచ్చాయి, నా చర్మానికి తెలిసింది. ఎవరికి చెప్పను? బియ్యం నా అరచేతిలో పోసి, అందరూ గేటు దాటేదాకా నన్ను అలాగే నిలబెట్టాడు. పనిలోంచి మాత్రం తియ్యలేదు. అప్పటికి నాకు ముప్పై దాటాయి. బస్తీలో బోరింగు దగ్గరికి పోతే బిందెలు జరుపుకునేవాళ్లు. మా పెద్దదాన్ని బడిలో "బియ్యం దొంగ బిడ్డ" అన్నారు.

ఆ సాయంత్రం నా పక్కన ఆగింది పేటక్క ఒక్కతే. ఓదార్చలేదు. నా ముఖంలోకి చూసి, "ఏడ్వకు. ఆడి పిడికిలి నేను సూసిన. అంతా దాసిపెట్టు. పనికొస్తది," అని వెళ్లిపోయింది.

మరుసటి వారం ఆమె మిల్లు ఓనరమ్మ దగ్గరికి పోయింది. ఓనరమ్మకూ ఆ హీరోయిన్ అంటే ఇష్టమని వంటమనిషి ద్వారా తెలుసుకుంది.

"అమ్మా, వచ్చే అమాసకు మా పిల్ల పుట్టినరోజు. మిల్లు ఎట్లాగు బందుంటది. ఖాళీ గోదాముల పొద్దటి నుంచి సాయంత్రం దాక ఆమె సినిమాలే ఏసుకుంటం. మీ కలర్ టీవీ ఇయ్యాలె, మీరు రావాలె."

"అమాసనాడు పుట్టిందా ఆమె?" అన్నదట ఓనరమ్మ.

"పుట్టిందమ్మా. అందుకే గంత కోపం."

హీరోయిన్ పుట్టినరోజు ఎప్పుడో పేటక్కకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఓనరమ్మ పకపకా నవ్వి టీవీ ఇస్తానంది.

వీడియో డెక్కు, క్యాసెట్లు కోదాడ నుంచి తెద్దామంది పేటక్క. మిర్యాలగూడలో వీడియో షాపు మేస్త్రి బామ్మర్దిది. ఇద్దరం కోదాడ పోయాం. షాపతను చాలా మర్యాదస్తుడు.

"ఏ సినిమాలు కావాలమ్మా? పేర్లు చెప్పండి."

"పేర్లు మాకెందుకు." గోడ మీది పోస్టరులో మా హీరోయిన్‌ను చూపించింది పేటక్క. "ఆమె కొట్టినయి ఇయ్యి."

"ఎవర్ని కొట్టినవండీ?"

"ఎవర్నన్న సరే. గట్టిగ కొట్టాలె."

"కుటుంబ కథలున్నాయండీ. ఏడుపు చాలా బాగుంటుంది."

"ఏడుపు మా ఇండ్లల్ల మస్తుంది బిడ్డా. కిరాయికెందుకు?"

ఇద్దరికీ చదువు రాదు. అట్టల మీది బొమ్మలు చూసి, కొంగు నడుముకు ఉన్నవి ఏరుకున్నాం. డెక్కు మీటల మీద అక్షరాలు గుర్తుండవని పేటక్క పక్కనున్న పాన్‌డబ్బాలో సున్నం అడిగింది, తన నుదుటి కుంకుమ తడిచేసింది. సినిమా నడిపే మీట మీద కుంకుమ బొట్టు, వెనక్కి తిప్పే మీట మీద సున్నం బొట్టు. "అరె, మిషన్ పాడైపోద్దమ్మా," అని షాపతను మొత్తుకున్నాడు. "పుట్టినరోజు కదనయ్యా, బొట్టుండాలె," అంది. పూచీగా కాళ్ల కడియాలు విప్పి అతని బల్ల మీద పెట్టింది. బస్సులో డెక్కును చెద్దరులో చుట్టి పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది. కండక్టరు "పాపా, బాబా?" అని అడిగితే, "పాప. మస్తు కొడతది," అంది.

దారిలో అడిగాను. "ఇదంత ఎందుకక్కా?"

"ఓనరమ్మ వస్తది. ఓనరమ్మ వస్తే కుర్సీ ఏసేందుకు మేస్త్రి రావాలె. వచ్చినోడు ఆమె లేసేదాక లేవలేడు." కిటికీలోంచి చూస్తూ అంది. "ఆమె నమ్మకపోతే మనిద్దరి పని పోతది. సోంచాయించుకో."

ఆలోచించుకున్నాను. పని పోతే ఇంకో మిల్లులో అడగొచ్చు. దొంగ అన్న పేరు పోకపోతే మాత్రం ఏ మిల్లూ గేటు తియ్యదు. సరేనన్నాను.

అమాసనాడు పొద్దున్నే గోదాము ఊడ్చి, చాపలు పరిచి, పాత క్యాలెండర్ నుంచి కత్తిరించిన హీరోయిన్ ఫోటోకు బంతిపూల దండ వేశాం. ముందు పళ్లెంలో బియ్యం పోసి దీపం పెట్టాం. పేటక్క గుమ్మంలో నిలబడింది. టికెట్ ఏమిటంటే, లోపలికి వచ్చే ప్రతి మనిషీ కొంగు నడుముకు చెక్కి, ఎడమ కనుబొమ్మ లేపి, ఆమెలా నడిచి రావాలి. పళ్లూడిన ముసలవ్వలు నడిచారు. నిండు నెలలామె నడిచింది. ఒకామెకు రెండు కనుబొమ్మలూ కలిసే లేస్తుంటే పేటక్క కుడిదాన్ని వేలితో అదిమిపట్టి లోపలికి పంపింది. పట్టుచీరలో వచ్చిన ఓనరమ్మ కూడా సిగ్గుపడుతూనే కొంగు చుట్టింది. గోదామంతా ఈలలు. మా ఆడవాళ్లకు ఈలలు వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

మేస్త్రి ఓనరమ్మకు కుర్చీ వేసి, వెనకాల స్టూలు మీద కూర్చున్నాడు.

మొదటి సినిమాలో మాకు పెద్ద దెబ్బ తగిలింది. అట్ట మీద కొంగు నడుముకు ఉన్నా, లోపల హీరోయిన్ భర్త పరువు కోసం విషం తాగింది. జనం గొల్లుమన్నారు. "బందు చెయ్యి! పుట్టినరోజు నాడు సచ్చుడేంది?" పేటక్క లేచి సున్నం బొట్టు మీట నొక్కింది. బొమ్మ వెనక్కి నడిచింది. కింద పడ్డ ఆమె లేచి కూర్చుంది. విషం నోట్లోంచి గ్లాసులోకి పోయింది. గ్లాసు బల్ల మీదికి పోయింది. గ్లాసిచ్చిన అత్త వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గడప దాటి బయటికి పోయింది. అక్కడ ఆపేసింది పేటక్క. "సినిమా ఖతం. బతికింది," అంది. చప్పట్లు. ఓనరమ్మ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు.

రెండో క్యాసెట్ మొదటికి తిప్పుతుండగా పేటక్క చప్పట్లు కొట్టింది. "గిది తిరిగేదాక ఒక సీను మనమే ఆడుదాం. మా పిల్ల చెయ్యని సీను."

నన్ను లేపింది. ఒక తువ్వాలు భుజాన వేసుకుంది, చెవి మీద అగ్గిపుల్ల పెట్టుకుంది, దవడలో పాన్ ఉన్నట్టు బుగ్గ ఉబ్బించింది. అంతే, గోదాములో మాటలు ఆగిపోయాయి. ఆమె నడక మారింది, భుజం వంగింది. అందరూ రోజూ గేటు దగ్గర చూసే మనిషి. ఓనరమ్మ ఒక్కతే ఇంకా నవ్వుతోంది.

"ఇయ్యాల బరువెక్కినవేందే?" అంది పేటక్క నాతో, అచ్చం ఆ గొంతుతో.

ఫోటో ముందున్న పళ్లెంలోంచి గుప్పెడు బియ్యం తీసుకుంది. తెరిచిన అరచెయ్యి ఓనరమ్మ ముందు పెట్టింది. "సూడమ్మా, బియ్యం నా చేతిల ఉన్నయి." పిడికిలి మూసింది. ఆ పిడికిలి నా రొంటి దగ్గరికి తెచ్చింది, వేళ్లు లోపలికి పోనిచ్చింది, బయటికి లాగి తెరిచింది. "దొంగ దొరికింది!"

బియ్యం చాప మీద రాలాయి. ఎవరూ కదల్లేదు. ఓనరమ్మ నవ్వు సగంలో ఆగింది.

"ఇంకోసారి చేసి చూపించు," అంది. "మెల్లగ."

పేటక్క మెల్లగా చేసింది. ఓనరమ్మ ముందుకు వంగి చూసింది.

"ఇది ఏ సినిమాల ఉంది?"

"సినిమాల లేదమ్మా. మన మిల్లుల ఉంది. రోజు సాయంత్రం గేటు కాడ ఆడతది."

మేస్త్రి స్టూలు మీంచి లేచాడు. "అమ్మా, ఈ ముండలు కావాల్నని నాటకాలు ఆడుతున్నరు. దీన్ని బియ్యంతోని పట్టిన్నని..."

"కూర్చో మేస్త్రీ," అంది ఓనరమ్మ, వెనక్కి తిరగకుండానే. "సినిమా కానియ్యి పేటా."

మాకేం తెలియలేదు, నమ్మిందో లేదో. రెండో సినిమా నడుస్తోంది, ఒక్కరూ మాట్లాడరు, ఒక్కరూ నవ్వరు. నేను తెర చూడలేదు. ఓనరమ్మ మెడ చూస్తూ కూర్చున్నాను. ఇంటర్వెల్ దాటింది. విలన్ హీరోయిన్ మీద చెయ్యి వేశాడు. ఆమె కొంగు నడుముకు చుట్టింది. కనుబొమ్మ లేచింది. ఛెళ్లున కొట్టింది.

"ఇంకోసారి," అంది ఓనరమ్మ.

పేటక్క సున్నం బొట్టు నొక్కింది. విలన్ చెంప దెబ్బ లేనట్టే నున్నగా అయి, మళ్లీ సిద్ధమై వచ్చింది. కుంకుమ బొట్టు నొక్కింది. ఛెళ్.

"ఇంకోసారి."

ఛెళ్.

ఇక మా వాళ్లు ఆగలేదు. ఓనరమ్మ అడిగినా అడగకపోయినా "ఇంకోసారి" అని గోదాము మొత్తం అరిచింది. ముసలవ్వలు చాపల మీద అరచేతులతో చరిచారు. ప్రతి దెబ్బకూ తలలన్నీ తెర వైపు కాదు, స్టూలు వైపు తిరిగేవి. మేస్త్రి లేవలేడు, పోలేడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. పేటక్క పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తోంది. ఆమెకంత అందం నేను ముందెప్పుడూ చూడలేదు.

నా మనసు చల్లబడిందా అని అడిగితే, లేదు. ఆకలి పెరిగింది.

సాయంత్రం టీవీ మోయిస్తూ ఓనరమ్మ చెప్పింది, రేపటి నుంచి గేటు దగ్గర మగచెయ్యి పడకూడదని, ఎవరి కొంగు వాళ్లే దులిపి చూపించాలని. మేస్త్రిని తీసెయ్యలేదు. ఓనరుకు పాత మనిషి. "పేటా, గేటు కాడ నువ్వుండు," అంది.

"నేనెందుకమ్మా?" పేటక్క అందరూ వినేలా గొంతు పెంచింది. "దొంగని పేరు పెట్టిన్రు గదా, దాన్నే నిలబెట్టు."

ఓనరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. మేస్త్రి అక్కడే కుర్చీ మడుస్తూ నిలబడి ఉన్నాడు. "సరే," అంది.

దారిలో పేటక్క బస్తీ మలుపు దగ్గర ఆగింది. "నా పని అయిపోయింది. రేపు గేటు కాడ నువ్వేం జేస్తవో నేనడగ. జాలిపడితే మాత్రం నాకు చెప్పకు, మనసు ఖరాబైతది."

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, కనుబొమ్మ లేపి, నవ్వుకుంటూ లోపలికి పోయారు. తర్వాత మేస్త్రి వచ్చాడు. నన్ను చూడనట్టు దాటబోయాడు. గేటు గొలుసు అడ్డం పెట్టాను.

"ఏందే? సోదా సాయంత్రం గదా. లోపలికి పోయేటోన్ని ఎవలన్న సూస్తరా?"

"లోపలికి బియ్యం తెచ్చేటోన్ని పొద్దుగాలనే సూడాలె. జేబులు తియ్యి."

గచ్చు మీద పని ఆగిపోయింది. అతను ఓనరు గది వైపు చూశాడు. అక్కడ తలుపు వేసి ఉంది. జేబులు ఒక్కొక్కటే బయటికి లాగాడు. బీడీ కట్ట, తాళంచెవి. ఇంకేం లేవు.

"రొంటి," అన్నాను.

రొంటి విప్పి దులిపాడు. ఏం లేదు. అతనికీ నాలాగే చెమటలు పడతాయని చూశాను. పేటక్క చేతులు వెనక్కి కట్టుకుని వడ్లలో నడుస్తూనే ఉంది, ఇటు తిరగలేదు.

"పోనా?" అన్నాడు.

"ఇంకోసారి," అన్నాను.